టీడీఎస్ కట్ అయింది, రీఫండ్ జాడ లేదు

ప్రశ్న: సార్, మాది కవిటి దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా దోహాలో పని చేస్తున్నాను. 2014లో 22 లక్షలు పెట్టి కాశీబుగ్గలో కొన్న సైటుని 2024 డిసెంబరులో పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయనకి 40 లక్షలకు అమ్మాను. నేను ఎన్‌ఆర్‌ఐ కాబట్టి తప్పదంటూ ఆయన 5 లక్షల 20 వేలు టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, పట్టుకున్నాడు. అందులో 2 లక్షల 86 వేలు వెనక్కి వస్తాయని మా ఆడిటర్ అన్నారు. 2025 జులైలో రిటర్న్ వేశాం. ఇన్‌కంటాక్స్ పోర్టల్లో చూస్తే ఇప్పటికీ ప్రాసెసింగ్ అనే ఉంది. మా బావ ఇన్‌కంటాక్స్ ఆఫీసుకి వెళ్తే మీది మా దగ్గర కాదన్నారట. తెలిసినాయన ఒకరు పది శాతం ఇస్తే నెలలో తెప్పిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?
- ఒక పాఠకుడు, కవిటి మండలం

జవాబు: ముందు ఆ పది శాతం ఆయనకి ఓ దండం పెట్టి పంపించేయండి. మీ రిటర్న్ ప్రాసెస్ చేసేది బెంగళూరులోని సీపీసీ అనే ఇన్‌కంటాక్స్ కేంద్రం, అదీ కంప్యూటర్ మీద. పలాసలో కూర్చుని దాన్ని ముందుకు జరిపే మనిషి ఎవరూ లేరు. మీ బావగారికి ఆఫీసులో చెప్పిందీ నిజమే, ఎన్‌ఆర్‌ఐల వ్యవహారాలు మామూలు వార్డు ఆఫీసులో కాదు, ఇంటర్నేషనల్ టాక్సేషన్ అధికారి పరిధిలో ఉంటాయి.

మీ ఆడిటర్ లెక్క సరిగ్గానే ఉంది. లాభం 18 లక్షలు, దాని మీద 12.5 శాతం పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు, అంటే కట్టాల్సింది 2 లక్షల 34 వేలు, మిగతా 2 లక్షల 86 వేలు మీకు రావాలి. కానీ కొన్నాయన లాభం మీద కాకుండా మొత్తం 40 లక్షల మీద కోశాడు. ఆయన్నీ అనలేం, మీ లాభమెంతో తేల్చే బాధ్యత తన నెత్తిన వేసుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. నన్నడిగితే ఈ పద్ధతే అన్యాయం, కట్టాల్సిన దానికి రెండింతలు ముందే లాక్కుని తర్వాత మనల్ని తిప్పడం.

ఇప్పుడు అసలు సంగతి. ఈరోజే పోర్టల్లో మీ పేరు మీద జమైన పన్నులు చూపించే ఫారం 26ఏఎస్ తెరిచి, ఆ 5 లక్షల 20 వేలు మీ పాన్ మీద కనిపిస్తున్నాయో లేదో చూడండి. నా దగ్గరికొచ్చే ఇలాంటి ఉత్తరాల్లో ఎక్కువసార్లు ముడి ఇక్కడే ఉంటుంది. కొన్నాయన టాన్ నంబరు (టీడీఎస్ కోసేవాళ్లు తీసుకునే నంబరు) తీసుకోవాలి, చలానా కట్టాలి, ఆ తర్వాత ఎవరి దగ్గర ఎంత కోశాడో చెప్పే ఫారం 27క్యూ అనే స్టేట్‌మెంటు వేయాలి, డిసెంబరు అమ్మకానికి దాని గడువు 2025 జనవరి 31. చలానా కట్టి పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. 27క్యూ వేయకపోయినా, వేసి మీ పాన్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టినా, డబ్బు ప్రభుత్వం దగ్గరే ఉంటుంది గానీ మీ పేరు మీద ఉండదు. అందుకని ఆ వ్యాపారిని ఫారం 16ఏ అడగండి, ఇది టీడీఎస్ పోర్టల్ (ట్రేసెస్) నుంచి తీసి ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్, చేత్తో రాసిచ్చే రసీదు కాదు. ఇవ్వలేకపోతున్నాడంటే 27క్యూ వేయలేదనే అనుమానించాలి. ఆలస్యానికి రోజుకు 200 రూపాయల ఫీజు ఆయన మీద పడుతూనే ఉంటుంది, ఆ మాట నెమ్మదిగా చెవిన వేయండి, కదులుతాడు. ఈలోగా టీడీఎస్ లెక్కలోకి తీసుకోకుండా ఇంటిమేషన్ (రిటర్న్ లెక్క తేల్చి పంపే నోటీసు) వచ్చేస్తే కంగారు పడకండి, 26ఏఎస్‌లో ఎంట్రీ పడ్డాక రెక్టిఫికేషన్, అంటే సవరణ అర్జీ, పెట్టుకోవచ్చు.

26ఏఎస్ బాగుంటే మిగతావి చూడండి. రిటర్న్‌ని ఈ-వెరిఫై చేశారా? ఆధార్‌కి ఇచ్చిన ఇండియా నంబరు రీఛార్జి లేక పోయి ఓటీపీ రాక, వెరిఫై చేయడమే మర్చిపోయేవాళ్లున్నారు. పాన్ 'ఇనాపరేటివ్' (పనిచేయట్లేదు) అని చూపిస్తే రీఫండ్ ఇవ్వరు. ఎన్‌ఆర్‌ఐలకి ఆధార్ లింకు తప్పనిసరి కాదు గానీ మీరు ఎన్‌ఆర్‌ఐ అని వాళ్ల రికార్డుల్లో ఉండాలి కదా, లేకపోతే పాస్‌పోర్టు కాపీ జతచేసి మీ ఇంటర్నేషనల్ టాక్సేషన్ అధికారికి రాయండి. బ్యాంకు ఖాతా కూడా పోర్టల్లో ప్రీ-వ్యాలిడేట్ అయి, అంటే ముందే సరిచూసి, ఉండాలి. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన ఆంధ్రా బ్యాంకు పాత ఐఎఫ్‌ఎస్‌సీ ఇంకా ఇచ్చేవాళ్లు మన జిల్లాలో తక్కువేం కాదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే పోర్టల్లోనే గ్రీవెన్స్ పెట్టండి, జవాబు దాటవేస్తే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో వేయండి. చట్టప్రకారం మీ రిటర్న్ ప్రాసెస్ చేయడానికి సీపీసీకి 2026 డిసెంబరు 31 వరకు టైముంది, కాబట్టి ఇప్పుడే కోర్టు మాటలొద్దు. గడువులోగా రిటర్న్ వేశారు కనుక 2025 ఏప్రిల్ నుంచి నెలకు అర శాతం వడ్డీ వస్తుంది, మీ మొత్తానికి నెలకు 1,430 రూపాయలు. ఆ వడ్డీకి మళ్లీ పన్నుందనుకోండి, అది వేరే కథ.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. విజయనగరం బ్యాంకులో వాడి ఎన్‌ఆర్‌ఓ (ఎన్‌ఆర్‌ఐలు ఇండియా ఆదాయానికి పెట్టుకునే ఖాతా) డిపాజిట్ వడ్డీ లక్షా 80 వేలు, అందులో 56,160 టీడీఎస్ కోసేశారు. పన్ను కోయొద్దని చెప్పే ఫారం 15జి ఇద్దామంటే తీసుకోవట్లేదు. ఇక్కడ వాడికి వేరే ఆదాయం లేదు.
- ఒక తల్లి, విజయనగరం

జవాబు: 15జి ఎన్‌ఆర్‌ఐలకి వర్తించదమ్మా, బ్యాంకువాళ్ల తప్పు లేదు. ఇండియాలో మొత్తం ఆదాయం రెండున్నర లక్షల లోపే కాబట్టి బాబు ఐటీఆర్-2 ఫారంలో రిటర్న్ వేస్తే కోసిందంతా తిరిగొస్తుంది. ఐటీఆర్-1 వేయనివ్వకండి, అది రెసిడెంట్లకి మాత్రమే.