పాఠకుల ప్రశ్నలు: సినిగాంగ్‌లో పులుపు ఎప్పుడు పడాలి?

ప్రశ్న: మా వారి ఉద్యోగరీత్యా మేము మనీలాను ఆనుకుని ఉన్న కెసోన్ సిటీలో కాపురం ఉంటున్నాము. వానలు పట్టాయంటే చాలు, మా పక్కింటి ఆవిడ పంది మాంసం, కూరగాయలు వేసి సినిగాంగ్ అనే ఫిలిప్పీన్స్ పుల్లని పులుసు కాచి మాకూ ఒక గిన్నె పంపిస్తారు. ఆవిడ పులుసు తేటగా ఉంటుంది, మాంసం ఎముకను వదిలి వచ్చేంత మెత్తగా ఉంటుంది, ముక్కలు దేనికవి విడిగా కనబడతాయి. నేను దుకాణంలో దొరికే ప్యాకెట్ పొడితో చేస్తే చేమదుంపలు ఎంతసేపు ఉడికించినా గట్టిగానే మిగులుతున్నాయి, ఆకుకూర నల్లబడుతోంది, ఉప్పు ఎక్కువవుతోంది. పచ్చి చింతకాయతో మొదటి నుంచి చేసుకునే పద్ధతి, ఏది ముందు వేయాలి, ఏది వెనుక వేయాలి అన్నది వివరంగా చెప్పగలరా?

జవాబు: మీరు చెప్పిన మూడు లోపాలలో మొదటి రెండింటికీ కారణం ఒక్కటే, పులుపు వేళకు ముందే కుండలో పడటం. కూరగాయల కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం మామూలు నీళ్లలో ఉడికితే క్రమంగా కరిగి ముక్క మెత్తబడుతుంది. అదే పుల్లని నీళ్లలో ఆ కరగడం బాగా మందగిస్తుంది కనుక, పులుపులో పడిన చేమదుంప గంట ఉడికినా లోపల బిరుసుగానే ఉంటుంది. ఆకుల పచ్చదనం సంగతి వేరు. పులుపు, వేడి రెండూ కలిసి ఆకులోని పత్రహరితాన్ని చెడగొడతాయి, అందుచేత తూటికూర కొన్ని నిమిషాలలోనే ముదురు గోధుమరంగుకు దిగిపోతుంది. ఇక ఉప్పు ఎక్కువ కావడానికి మీ చేతివాటం కారణం కాదు. ప్యాకెట్ పొడిలో పులుపుతో పాటు ఉప్పు కూడా దండిగా ఉంటుంది. దాని మీద చేపల నుంచి తీసిన ఉప్పటి ద్రవమైన పాతిస్‌ను అలవాటు కొద్దీ పోస్తే ఉప్పు రెండింతలవుతుంది.

ఇప్పుడు పద్ధతికి వద్దాం. నలుగురైదుగురికి ఒక కిలో మాంసం సరిపోతుంది. అక్కడి మార్కెట్లలో సినిగాంగ్ కోసమని అడిగితే బుతోబుతో అనే మెడ ఎముకల ముక్కలు గాని, పక్కటెముకలు గాని, లియెంపో అనే పొట్ట భాగం గాని ఇస్తారు. సగం ఎముక ముక్కలు, సగం పొట్ట ముక్కలు తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. పులుసుకు సారం ఎముక ఇస్తుంది, పులుపు నాలుకకు మరీ పదునుగా తగలకుండా కొవ్వు కాపాడుతుంది. కొవ్వు బొత్తిగా లేని ముక్కలతో చేసిన సినిగాంగ్ ఎంత జాగ్రత్తగా వండినా పలుచగా, ఒట్టి పుల్లనీళ్లలాగా అనిపిస్తుంది.

నీళ్లకు బదులు హుగాస్ బిగాస్, అంటే బియ్యం రెండోసారి కడిగిన నీళ్లు, వాడటం అక్కడి ఇళ్లలో పాత అలవాటు. మొదటిసారి కడిగిన నీళ్లలో మట్టి, తవుడు ఉంటాయి కనుక వాటిని పారబోసి, రెండోసారి కడిగిన తెల్లని నీళ్లను పట్టి ఉంచుకోవాలి. అందులో ఉన్న కొద్దిపాటి పిండి పులుసుకు కొంచెం చిక్కదనం ఇస్తుంది. కిలో మాంసానికి ఇలాంటి నీళ్లు రెండు లీటర్లకు పైగా కావాలి. మాంసాన్ని చల్లని నీళ్లలోనే వేసి, నిదానంగా మరగనిచ్చి, పైకి తేలే బూడిదరంగు తెట్టును గరిటెతో ఓపికగా తీసివేయాలి. మొదటి పది నిమిషాలు పొయ్యి దగ్గర నుంచి కదలకుండా ఈ పని చేయడమే మీ పక్కింటి ఆవిడ పులుసు తేటగా ఉండటానికి ప్రధాన కారణమై ఉంటుంది. తెట్టు ఆగిన తరువాత నాలుగు చీలికలు చేసిన ఉల్లిపాయలు రెండు, పండిన టమాటాలు మూడు వేసి, మూత వారగా పెట్టి, మంట బాగా తగ్గించాలి. పెళపెళమని మరిగిస్తే కొవ్వు పులుసులో కలిసిపోయి తేటదనం పోతుంది. అక్కడక్కడ ఒక బుడగ పైకి వచ్చేంత మంట చాలు. ఉల్లిపాయ, టమాటాలను ముందు నూనెలో వేయించి చేసేవారు కూడా ఉన్నారు గాని, ఈ వంటకానికి నేరుగా ఉడికించిన రుచే చక్కగా నప్పుతుందని నేను అంటాను.

గంట నుంచి గంటన్నర లోపల మాంసం మెత్తబడుతుంది. ఈలోగా పక్క పొయ్యి మీద పులుపు సిద్ధం చేసుకోవచ్చు. పావుకిలో పచ్చి చింతకాయలను కడిగి, రెండు మూడు కప్పుల నీళ్లలో తొక్క పగిలేదాకా, అంటే పది పదిహేను నిమిషాలు ఉడికించాలి. గింజ కట్టి, గుజ్జు ఇంకా పచ్చగానే ఉన్న కాయలు దీనికి శ్రేష్ఠం. ఉడికిన కాయలను ఆ నీళ్లలోనే గరిటె వీపుతో మెదిపి, జల్లెడలో వేసి ఒత్తితే పిక్కలు, ఈనెలు, తొక్కలు పైన మిగిలి, చిక్కని లేత రంగు రసం కిందికి దిగుతుంది. జల్లెడ అడుగున అంటుకున్న గుజ్జును చెంచాతో గీరి తీసుకోవడం మరచిపోకండి, పులుపులో మంచి భాగం అక్కడే ఉండిపోతుంది.

మాంసం ముక్కకు పుల్ల గుచ్చితే సులువుగా దిగిన తరువాత గాబీ, అంటే చేమదుంపలు, చెక్కు తీసి సగానికి కోసి వేయాలి. పచ్చి చేమదుంపలో సూదుల వంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉండటం వలన చెక్కు తీసేటప్పుడు చేతులు దురద పెడతాయి; అరచేతులకు నూనె రాసుకోవడం మేలు. అవే స్ఫటికాలు సగం ఉడికిన దుంప తిన్నవారి గొంతును కూడా గీరుతాయి కనుక ఈ దుంప పూర్తిగా ఉడకడం రుచి కోసమే కాదు, అవసరం కూడా. ఇరవై నిమిషాలలో అది వెన్నలా అవుతుంది. అప్పుడు రెండు ముక్కలను కుండ అంచుకు నొక్కి మెదిపితే పులుసు కొద్దిగా చిక్కబడుతుంది. దుంపలు సగం ఉడికినప్పుడు ముల్లంగి చక్రాలు వేయాలి.

చింతకాయ రసం పోయవలసిన సమయం ఇదే, దుంప మెత్తబడిన తరువాత, మిగిలిన కూరగాయలకు ముందు. అంతా ఒక్కసారి పోయకండి. సగం పోసి, రెండు చెంచాల పాతిస్ కలిపి, ఒక పొంగు రానిచ్చి రుచి చూడండి. ఉప్పు చాలని పులుసు పులుపు ఎక్కువైనట్టు అనిపించి మోసం చేస్తుంది కనుక ముందు ఉప్పు సరిచూసుకుని, ఆ తరువాతే పులుపు పెంచాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. అన్నంలో కలిపి తినే పులుసు కాబట్టి, విడిగా గరిటెతో రుచి చూసినప్పుడు ఒక పిసరు ఎక్కువ పుల్లగా ఉంటేనే అన్నంతో సరిగ్గా ఉంటుంది.

ఆ పైన సితావ్ అనే పొడవాటి అలసందకాయలు వేలెడు ముక్కలు, వంకాయ ముక్కలు, తొడిమ కొంచెం మాత్రమే తీసిన బెండకాయలు, రెండు మూడు పొడుగు పచ్చి మిరపకాయలు వేసి నాలుగైదు నిమిషాలు ఉడికించాలి. బెండకాయ చివర గింజలు బయటపడేలా కోస్తే జిగురు పులుసంతా పాకుతుంది. మిరపకాయలను చీల్చకుండా నిలువునా వేయడం సువాసన కోసం. కారం కావలసినవారు పళ్లెంలో వాటిని చిదుపుకుంటారు. కాంగ్‌కోంగ్ అనే తూటికూర కాడలను ఆకుల కంటే ఒక నిమిషం ముందు వేసి, ఆకులు వేసిన వెంటనే మంట ఆర్పి మూత పెట్టండి. కుండలోని వేడికే ఆకు వాడుతుంది, పచ్చగా ఉంటుంది. వంటకు మట్టిది గాని, స్టీలుది గాని వాడండి. పులుపు అల్యూమినియంతో కలిసి పులుసుకు లోహపు రుచి తెస్తుంది.

ప్రశ్న: దవావోలో వైద్యవిద్య చదువుతున్నాను. వసతిగృహంలో ఒకే పొయ్యి, ఒక ప్రెషర్ కుక్కర్ ఉన్నాయి. పచ్చి చింతకాయ దొరకని రోజుల్లో వేరే ఏ పులుపు వాడవచ్చు? పసుపు, పోపు వేస్తే రుచి పెరుగుతుందా?

జవాబు: కుక్కర్ వాడవచ్చు, మాంసానికి మాత్రమే. మూత బిగించే ముందు తెట్టు తీసి, ఆవిరి పట్టిన తరువాత ఇరవై అయిదు నిమిషాలు సన్నని మంట మీద ఉంచి, మూత తెరిచి మిగతా పనంతా పైన చెప్పిన వరుసలోనే చేయండి. ముల్లంగి, బెండకాయ కుక్కర్‌లో పెడితే కరిగిపోతాయి.

పులుపు విషయంలో ఫిలిప్పీన్స్‌కు ఉన్న సంపద చాలా పెద్దది, ఈ వంటకంలో నాకు మిక్కిలి ఇష్టమైన భాగం కూడా అదే. మనీలాలో సాంపాలొక్ అని ఒక పేట పేరే చింతచెట్ల వలన వచ్చింది కాబట్టి చింతకాయ ముందు గుర్తుకు రావడం సహజం గాని, అదొక్కటే దారి కాదు. పెరట్లో కాసే కామ్యాస్, అంటే బిలింబి కాయ, ముక్కలుగా కోసి నేరుగా వేస్తే శుభ్రమైన, పదునైన పులుపు వస్తుంది. పచ్చి మామిడి ముక్కలు ఉడికి మెదిగితే పులుసు కొంచెం చిక్కబడుతుంది. పండిన జామకాయలను ఉడికించి, గింజలు వడకట్టి పోసే పద్ధతి పంపాంగా ప్రాంతంలో ప్రసిద్ధం. పులుపు తక్కువ, తీపి, పరిమళం ఎక్కువ. పనాయ్, నెగ్రోస్ దీవులలో బతువాన్ అనే గుండ్రటి పుల్లకాయ వాడతారు. ఇలోయిలో నగరంలో ఆ కాయ పులుపుతోనే కందులు, పంది మాంసం, పనసకాయ కలిపి వండే పులుసు ఒకటి ఉంది. సినిగాంగ్ బాగా కుదిరిన తరువాత మీరు తప్పక ప్రయత్నించవలసిన వంటకం అది. కలమన్సి నిమ్మరసం మాత్రం మంట ఆర్పిన తరువాతే పిండాలి, మరిగితే దాని వాసన ఎగిరిపోతుంది. పండిన చింతపండు వాడితే పులుసు నల్లబడి కొంత తీపి చేరుతుంది, కనుక తక్కువ వేసి చివర కలమన్సితో సరిచేయండి.

ఫిలిప్పీన్స్ ఆహార చరిత్రను శ్రద్ధగా పరిశీలించిన డోరీన్ ఫెర్నాండెజ్, విదేశీయులు ఎక్కువగా చెప్పుకునే అదోబో (వెనిగర్‌లో ఉడికించే మాంసం కూర) కంటే సినిగాంగే తమ ప్రజల రుచికి అసలైన ప్రతినిధి అని భావించారు. ఏ ప్రాంతంలో ఏ పులుపు కాస్తే దానితో, ఇంట్లో మాంసముంటే మాంసంతో, చేపలుంటే చేపలతో ఒదిగిపోయే స్వభావం చూస్తే ఆమె మాట సబబుగానే తోస్తుంది. అందుకే పోపు, పసుపు వద్దని గట్టిగా చెబుతున్నాను. ఆవాలు, జీలకర్ర పడగానే ఏ కాయ పులుపు వాడారో తెలియకుండా పోతుంది, తెలియనప్పుడు ఈ వంటకంలో మిగిలేది తక్కువ.

ప్రశ్న: మా మామగారికి రక్తపోటు ఉంది, మూత్రపిండాలు కూడా కొంత బలహీనపడ్డాయని వైద్యులు చెప్పారు. ఆయనకు సినిగాంగ్ పెట్టవచ్చా?

జవాబు: ఎంత తినాలి, తినవచ్చా లేదా అన్నది వైద్యుడే చెప్పాలి. వంట పరంగా మూడు సంగతులు మీ చేతిలో ఉన్నాయి. ప్యాకెట్ పొడి పూర్తిగా మానేసి, పాతిస్‌ను కుండలో కలపకుండా, కావలసినవారు విడిగా నంజుకునేలా చిన్న గిన్నెలో పెట్టండి. అక్కడి భోజనాల దగ్గర పాతిస్‌లో మిరపకాయ చిదిపి ముక్కలు అద్దుకోవడం ఎలాగూ ఉన్నదే. పులుసును ముందురోజు మాంసం ఉడికిన దశలో ఆపి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన గట్టిగా పేరుకుంటుంది, కావలసినంత తీసివేయవచ్చు. మూడవది చాలా ముఖ్యం: కామ్యాస్ కాయలో ఆక్సలేట్ చాలా ఎక్కువ, దాని చిక్కటి రసం తాగిన వారికి మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. ఆయన వంతుకు ఆ కాయ వాడకండి. చేమదుంపలోనూ ఆక్సలేట్ ఉంది కనుక దాని గురించి కూడా వైద్యుణ్ణి అడగండి.

ప్రశ్న: పంది మాంసం తినని స్నేహితులు వస్తున్నారు. ఇదే పద్ధతిలో చేపతో చేయవచ్చా? మిగిలితే ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

జవాబు: చేయవచ్చు, వరుస మాత్రం తిరగబడుతుంది. బంగుస్ అనే పాలచేప గాని, రొయ్యలు గాని కొద్ది నిమిషాలలోనే ఉడికిపోతాయి కనుక, ముందుగా ఉల్లిపాయ, టమాటాలతో నీళ్లు మరిగించి, చేమదుంప వేయదలచుకుంటే అది ఉడికిన తరువాత పులుపు పోసి, రుచి పూర్తిగా కుదుర్చుకుని, కూరగాయలు దాదాపు ఉడికాక చేప ముక్కలను దించాలి. ఆ తరువాత గరిటె పెట్టి కలపకూడదు, కుండను మెల్లగా కదిపితే చాలు. మిగిలిన పులుసును రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టాలి. మాంసంతో చేసినది మూడు రోజులు బాగుంటుంది, చేపతో చేసినది మరునాడే తినేయడం మంచిది. రెండోసారి వేడి చేసేటప్పుడు ఒక పొంగు పూర్తిగా రానిచ్చి, పాత తూటికూర తీసివేసి, తాజా ఆకు ఒక గుప్పెడు వేసుకోండి.