సెకోటో మీద నీ వ్యాసం చదివాక

తమ్ముడూ,

చిత్రకారుడు గెరార్డ్ సెకోటో మీద నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేజీ అంతా తేదీలే. 1913లో పుట్టాడు, 1947లో పారిస్ వెళ్ళాడు, 1993లో పోయాడు. మనిషి కనపడలేదు.

‘ఆఫ్రికా చిత్రకారుడు’ అని పదకొండుసార్లు రాశావు, లెక్కపెట్టాను. నిన్నెవరైనా ‘ఆసియా రచయిత’ అంటే ఒప్పుకుంటావా? గెరార్డ్ సెకోటోది దక్షిణాఫ్రికా. ఇంకా దగ్గరికి వెళ్తే జొహానెస్‌బర్గ్‌లోని సోఫియాటౌన్ అనే పేట. బడిపంతులు ఉద్యోగం మానేసి అక్కడికొచ్చాడు. నూనె రంగులు ఇంకా చేతికి రాలేదు, చవక కాగితం మీద పోస్టర్ రంగులతో వీధుల్ని గీశాడు. 1940లో జొహానెస్‌బర్గ్ ఆర్ట్ గ్యాలరీ ఆయన బొమ్మ ‘యెల్లో హౌసెస్’ (పసుపు ఇళ్ళు) కొన్నది. ఒక నల్లజాతి కళాకారుడి బొమ్మని ఆ గ్యాలరీ కొనడం అదే మొదలు. ఇంత సంగతిని నువ్వు సగం వాక్యంలో దాటేశావు!

అసలు ఇబ్బంది వేరే ఉంది. ‘అపార్థైడ్‌కి తట్టుకోలేక దేశం విడిచాడు’ అన్నావు. ఆయన ఓడెక్కింది 1947లో. అపార్థైడ్‌ని, అంటే జాతిని బట్టి మనుషుల్ని చట్టంతో వేరుచేసే పద్ధతిని, తెచ్చిన పార్టీ గెలిచింది 1948లో. వివక్ష అంతకు ముందూ ఉంది, కాదనను. కానీ ఆయన వెళ్ళింది బొమ్మలు నేర్చుకోడానికి, పెద్ద ఊరు చూడ్డానికి. ఆయన గీసిన మూడు పేటలూ, సోఫియాటౌన్, కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్, ప్రిటోరియాలో ఈస్ట్‌వుడ్, తర్వాత కూల్చేశారు. సోఫియాటౌన్ ఉన్నచోట తెల్లవాళ్ళకి ఇళ్ళు కట్టి ‘ట్రియోమ్ఫ్’ అని పేరు పెట్టారు. విజయం అని అర్థం. చదివితే కడుపు మండుతుంది, నిజమే. కానీ ఆ పసుపు గోడలు గీసేనాటికి ఆయనకి ఇదేమీ తెలీదు. నీ వ్యాసంలో మాత్రం అన్నీ తెలిసే గీస్తున్నాడు.

ఆయన బొమ్మ ‘సాంగ్ ఆఫ్ ద పిక్’ తెరిచి పెట్టుకో. నల్ల కూలీలు వరసగా, ఒక్క ఊపుతో పికాసులు ఎత్తారు. పక్కన తెల్ల మేస్త్రీ బక్కగా, పనేమీ లేకుండా నిలబడ్డాడు. నువ్వు దీన్ని ‘శ్రమదోపిడీకి ప్రతీక’ అన్నావు. ఆ మాట కొట్టేయ్. ఎవరు పెద్దగా కనిపిస్తున్నారో, ఎవరు చిన్నగా ఉన్నారో రాయి, చాలు.

నేనూ ఇలాగే తప్పు చేశాను. ఒక చిత్రకారుడి బొమ్మని నలుపు తెలుపు అచ్చులో చూసి ‘విషాద వర్ణాలు’ అని రాశాను. తర్వాత అసలు బొమ్మ చూస్తే బంతిపూల రంగు! ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఇక పారిస్. పగలు బొమ్మలు, రాత్రి బార్‌లో పియానో. పొట్ట గడిచింది ఆ పియానోతోనే. మధ్యలో పిచ్చాసుపత్రిలోనూ ఉన్నాడు. సొంతూరి మనుషుల్ని గుర్తు తెచ్చుకుని గీస్తూ, మళ్ళీ ఇంటి ముఖం చూడకుండానే పోయాడు. పియానో మీద నువ్వు రాసింది ఒకే వాక్యం. అక్కడ ఒక పేజీ కావాలి నాకు.

తిరగరాసి పంపు. ఆదివారం ఫోన్ చెయ్యి, సాయంత్రం అయితే మంచిది. మధ్యాహ్నం పడుకుంటాను.

మీ అన్నయ్య