జవాబు నువ్వే చెప్పకు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

మర్రిగూడ దిక్కు హైస్కూల్ల సైన్స్ చెప్పడానికి చేరుతున్నవని, పిల్లలతో బట్టీ పట్టియ్యను, ఆలోచించుడు నేర్పుత అంటున్నవని మీ నాయన ఫోన్ల చెప్పిండు. మస్తు సంబురమైంది. దానెంబడే గుబులు కూడా పట్టుకున్నది. అందుకే రాస్తున్న.

పిల్లల పేర్లు మొదటి వారంలనే నేర్చుకో. పాఠం ముందురోజే చూసుకో. బోర్డు మీది అక్షరం ఆఖరి బెంచికి ఆనాలె. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంత ఒక్క తప్పు గురించి. మన బడులల్ల ఏండ్ల సంది నడుస్తున్న తప్పు. ప్రశ్న మనమే అడుగుతం, జవాబు మనమే చెప్తం. క్లాసు నిశ్శబ్దంగుంటే పాఠం ఆగిపోయినట్టు అనిపిస్తది గదా, ఆ నిశ్శబ్దానికి తట్టుకోలేం. అమెరికాల మేరీ బడ్ రో అని సైన్స్ బోధన మీద పరిశోధన చేసినామె 1970లల్ల క్లాసు మాటలు రికార్డు చేసి విన్నది. టీచర్లు ప్రశ్న అడిగినంక ఆగేది దగ్గర దగ్గర ఒక్క సెకను. అదే మూడు సెకండ్లకు పెంచితే జవాబులు పొడుగైనయి, నోరు తెరవనోళ్ళు తెరిచిన్రు. మన దగ్గర ఇంకోటి ఉన్నది: పిల్లగాడు "ఆవి..." అనంగనే "ఆవిరి అయితది, వెరీగుడ్" అని మనమే ముగిస్తం. "వెరీగుడ్" అన్నమంటే మిగతా ముప్పైతొమ్మిది మంది ఆలోచన అక్కడికే బంద్. ముందు బెంచి ముగ్గురితోనే ఏడాదంత గడుస్తది, మనకేమో క్లాసంత జవాబు చెప్పినట్టే కొడుతది.

నువ్వు ఇట్ల చెయ్యి. ప్రశ్న బోర్డు మీద రాయి. ఒక నిమిషం ఎవరూ మాట్లాడొద్దు, రఫ్ నోట్సుల రెండు లైన్లు రాయాలె. రెండు నిమిషాలు పక్కోళ్ళతో మాట్లాడుకోవాలె. అప్పుడు చేతులెత్తినోళ్ళను కాదు, వెనక బెంచి నుంచి పేరు పెట్టి పిలువు. చెప్పినంక మనసుల మూడు లెక్కపెట్టు. ఒప్పని గానీ తప్పని గానీ అనకు, "ఎట్ల తెలిసింది?" అని అడుగు. ఇంకొకరిని "నువ్వు ఒప్పుకుంటవా? ఎందుకు?" అను. తప్పు చెప్పిన పిల్లను ఎవరన్న నవ్విన్రా, అక్కడనే ఆపు. ఆ ఒక్క నవ్వుతోటి ఆ పిల్ల మళ్ళ ఏడాదంత నోరు తెరవదు. ఇది మర్చిపోతే మాత్రం నీ మీద కోపానికొస్త.

ప్రశ్నల కోసం ఎక్కడికో పోవద్దు, మన నీళ్ళే ఉన్నయి. తాగే నీళ్ళల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే నీళ్ళు దొరకకపోతే 1.5 వరకు. "మరగబెడితే ఫ్లోరైడ్ పోతదా?" అని అడుగు. సగం మంది పోతదనే అంటరు. 1.5 ఉన్న రెండు లీటర్లను ఒక లీటరు అయ్యేదాక మరగబెడితే లీటరుకు ఎంత? నీళ్ళు ఆవిరైనయి, ఫ్లోరైడ్ గిన్నెలనే ఉన్నది, 3 అయితది. ఈ లెక్క వాళ్ళే వేయాలె, నీ చెయ్యి సుద్దముక్క మీద పడొద్దు. తర్వాత పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతికి రా. మన జిల్లా పేరు పెట్టుకున్న పద్ధతి అది. పటిక కొలత అన్ని బోర్లకు ఒక్కటే ఎందుకు గాదని అడుగు. నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారగుణం ఎంతుంది అనేదాన్ని బట్టి మారుతది. కలిపిన నీళ్ళు ఎవరూ నోట్ల పోసుకోవద్దు.

ఒక్కటి జాగ్రత్త. ఆ క్లాసులనే ఫ్లోరైడ్ నీళ్ళు ఏండ్ల సంది తాగి తాతకో నాయనమ్మకో కాళ్ళు వంకరపోయిన ఇంటి పిల్లలుంటరు. వాళ్ళ ఇంటిని ఉదాహరణ చెయ్యకు. వాళ్ళంతట వాళ్ళు చెప్తే మాత్రం నిమ్మళంగ విను.

కొత్తగ ఆలోచించుడు అంటే బొమ్మలేయించుడు కాదు. మధ్యాహ్న భోజనం తర్వాత చేతులు కడిగిన నీళ్ళు ఎటు పోవాలె అని అడుగు. గుంపుకు ఐదుగురు, పది ఉపాయాలు, అప్పటిదాక ఎవరిదీ కొట్టెయ్యొద్దు. మొదటి మూడు అందరికీ తట్టేవే, అసలువి ఆరు దాటినంక వస్తయి. అప్పుడు "200 రూపాయలల్లనే కావాలె, ఊర్ల దొరికే సామానే" అని కట్టడి పెట్టు. కట్టడి పెట్టినంకనే తెలివి పదునెక్కుతది.

మార్కులు రాకుంటే పిల్లలు నమ్మరు బిడ్డా. స్లిప్ టెస్టుల ఒక ప్రశ్న గైడుల లేనిది పెట్టు. 5 మార్కులల్ల తను చెప్పే మాటకు 1, కారణానికి 2, చూసిన ఆధారానికి 1, ఎదుటోని అభ్యంతరానికి జవాబుకు 1. ఈ లెక్క పరీక్షకు ముందే బోర్డు మీద రాయి.

సంక్రాంతి దాటినంక పదో తరగతి స్పెషల్ క్లాసులు మొదలైతయి, సిలబస్ అయిపోలేదని మాట వస్తది. అప్పుడే అందరూ ఇదంత వదిలేస్తరు. నువ్వు వారానికి రెండు దినాలు, పది నిమిషాల చొప్పున మాత్రం వదలకు. రోజూ చెయ్యాలని పెట్టుకుంటే నెలల అలిసిపోతవ్.

పిల్లలు చెప్పిన తప్పు జవాబులు ఒక నోట్‌బుక్కుల రాసిపెట్టు, ఎవరు చెప్పిన్రో రాయకు. దసరాకు వచ్చేటప్పుడు తీస్కరా, కూసొని చూద్దాం. అన్నం టైంకు తిను.

మీ పెద్దనాయన