‘చెప్పుకోవడానికి నా దగ్గర ఏముంది మేడం?’

ప్రశ్న: నమస్తే మేడం. మాది పూతలపట్టు దగ్గర పల్లె. తిరుపతిలో హాస్టల్లో ఉండి బీకాం సెకండియర్ చదువుతున్నాను. ఈ సెమిస్టర్ మా కాలేజీలో కెరీర్ ప్లానింగ్, సెల్ఫ్ మార్కెటింగ్ అని బ్లెండెడ్ కోర్సు ఒకటి కొత్తగా పెట్టారు. వారానికి ఒక రోజు క్లాసు, మిగతాదంతా ఆన్‌లైన్‌లో వీడియోలు, అసైన్‌మెంట్లు. మొదటి అసైన్‌మెంటే మన గురించి మనం రెండు నిమిషాల వీడియో తీసి పెట్టాలట. నాకు అప్పుడే టెన్షన్ మొదలైంది. మా ఇంట్లో గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. అసలు చెప్పుకోవడానికి నా దగ్గర ఏముంది? మార్కులు 70 శాతం. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడలేను. ఇంటికెళ్తే మా ఆవుల పాల లెక్క రాస్తాను, అంతే. మా నాయనేమో ఆ కోర్సు వద్దు, ఆ టైములో బ్యాంకు కోచింగ్‌కు పో అంటున్నాడు. ఏం చేయమంటారు?

– బీకాం విద్యార్థిని, తిరుపతి

జవాబు: కోర్సు చెయ్యమ్మా. బ్యాంకు కోచింగ్ సంగతి తర్వాత చెబుతాను. ముందు నీ పాల లెక్క గురించి మాట్లాడుకుందాం.

రెండు పూటలా కేంద్రంలో పాలు పోస్తారు. లీటర్లు, ఫ్యాటు, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాకుండా ఉండే ఘనపదార్థం) చూసి రేటు కడతారు. బిల్లు వచ్చాక అందులోంచి దాణా బాకీ పోతుంది, ఆవుకు జబ్బు చేస్తే డాక్టరు ఖర్చు పోతుంది, మిగిలిందే చేతికొస్తుంది. ఇదంతా నోటుబుక్కులో రాసేది నువ్వు. మీ వైపు ఇంటింటా ఉన్న వ్యవహారమే కాబట్టి నీకు ఇదొక పనిలా కనబడటం లేదు. అదే నోటుబుక్కును ఆడిటరు ఆఫీసులో కూర్చున్న మనిషికి చూపించు. ఈ పిల్లకు రాబడికీ బాకీకీ తేడా తెలుసు, తేదీలవారీగా రాసే ఓపిక ఉంది, ఫ్యాటు తగ్గితే బిల్లు ఎంత తగ్గుతుందో లెక్క కట్టగలదు అని ఆయనకు వెంటనే తెలిసిపోతుంది. ‘కష్టపడే మనస్తత్వం, నలుగురితో కలిసి పనిచేసే గుణం’ అన్న వాక్యాలు చదివితే ఆయనకు ఏమీ తెలియదు. అవి ప్రతి రెజ్యూమేలోనూ ఉంటాయి. సీనియర్ల దగ్గర నుంచి జూనియర్లు కాపీ కొడుతూ కొడుతూ ఇక్కడిదాకా వచ్చాయి.

గొప్పలు చెప్పుకోవద్దు, నాకూ నచ్చవు. చేసిన పని బల్ల మీద పెట్టు, చూసేవాళ్లే ఒక అభిప్రాయానికి వస్తారు. ఈ కోర్సులో నువ్వు నేర్చుకోవాల్సింది ప్రధానంగా ఇదే.

కాబట్టి ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆ నోటుబుక్కు వెంట తెచ్చుకో. కనీసం ఆరు నెలల లెక్క కంప్యూటర్ ల్యాబులో ఎక్సెల్‌లోకి ఎక్కించు. తేదీ, పూట, లీటర్లు, ఫ్యాటు, రేటు, మొత్తం. పక్క షీటులో దాణా, మందులు, ఇతర ఖర్చులు. నెలకు ఎంత మిగిలిందో కింద తేలాలి. ఏదో ఒక నెలలో ఖర్చు ఎందుకు పెరిగిందో రెండు వాక్యాల్లో రాయి. మీ లెక్చరర్ పోర్ట్‌ఫోలియో, అంటే నువ్వు చేసిన పనుల ఫైలు, అడిగినప్పుడు మొదటి పేజీ ఇదే కావాలి. ఇంటి బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్ నంబరు లాంటివి మాత్రం అందులో ఉండకూడదు.

రెండో పేజీకి కూడా సరుకుంది. ఫస్టియర్ అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేసి ఉంటావు. అందరూ రెజ్యూమేలో ‘సీఎస్‌పీ పూర్తి చేశాను’ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. ఏ ఊరు, ఎన్ని ఇళ్లకు వెళ్లావు, ఏం అడిగావు, ఏం తేలింది, దానికి నువ్వేం చేశావు – ఇవి రాస్తే అది అనుభవం అవుతుంది. ‘మా మండలంలోని ఒక ఊళ్లో 40 ఇళ్లలో తాగునీటి ఖర్చు మీద సర్వే చేసి, పట్టిక తయారుచేసి పంచాయతీకి ఇచ్చాను’ అనేది ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆగి చదివే వాక్యం. అంకె మాత్రం నీ లాగ్‌బుక్‌లో ఉన్నదే రాయాలి. 40ని 100 చేస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతావు. లాగ్‌బుక్కులు ఇంట్లో కూర్చుని నింపే పిల్లలు ఉన్నారని అందరికీ తెలుసు. నువ్వూ అలాగే చేసి ఉంటే ఆ వాక్యం అసలు పెట్టకు.

ఇంకొకటి. చిత్తూరు వైపు పిల్లలకు తమిళం ఎంతో కొంత వస్తుంది. అది రెజ్యూమేలో రాసినవాళ్లు నాకు చాలా తక్కువగా కనబడతారు. శ్రీసిటీ పారిశ్రామికవాడలోని కంపెనీలకు చెన్నైతో రోజూ పని ఉంటుంది, తిరుపతి హోటళ్లకూ ఆసుపత్రులకూ తమిళనాడు నుంచి వచ్చేవాళ్లు లెక్కలేనంత మంది. ఇంగ్లిష్ రాదని బాధపడుతున్నావు, చేతిలో ఉన్న భాషను మాత్రం లెక్కలో వేసుకోలేదు. నీకు వస్తే రాయి. మాట్లాడగలవా, చదవగలవా అనేది కూడా స్పష్టంగా రాయి.

ఇక ప్లానింగ్ సంగతి. ఈ కోర్సుల్లో పిల్లలు చేసే పొరపాటు, ఈ భాగాన్ని దాటేసి నేరుగా రెజ్యూమే టెంప్లేటు మీద పడటం. 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన యువతకు ఉద్యోగ సలహాలిచ్చే కేంద్రం పెట్టాడు. ముందు నీ సంగతి తెలుసుకో, తర్వాత పనుల సంగతి తెలుసుకో, ఆ పైన రెండింటికీ పొత్తు కుదురుతుందేమో చూడు అన్నాడు. ఇన్నేళ్లయినా ఈ వరస మారలేదు. మీ ఆన్‌లైన్ పాఠాల్లో జాన్ హాలండ్ ఆరు రకాల అభిరుచుల పరీక్ష కూడా రావచ్చు. చెయ్యి, సరదాగా ఉంటుంది. లెక్కలు, క్రమపద్ధతి ఇష్టమని వస్తే ఆశ్చర్యపోను. కానీ ఆ పరీక్ష ఉద్యోగం పేరు చెప్పదు, దిక్కు చూపిస్తుంది అంతే. ఎప్పుడూ చూడని పని ఇష్టమా అని అడిగితే ఎవరు మాత్రం నిజం చెప్పగలరు?

అందుకే పనులను చూసి రావాలి. బీకాం చదివినవాళ్లు మన చుట్టుపక్కల ఎక్కడెక్కడ ఉన్నారో చూడు. శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీలలో, కరకంబాడి అమరరాజాలో స్టోర్స్, పేరోల్, అకౌంట్స్ విభాగాలున్నాయి. తిరుపతిలో ఆసుపత్రుల బిల్లింగ్ కౌంటర్లు, హోటళ్లు, ఆడిటర్ల ఆఫీసులున్నాయి. మీ చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. తోతాపురి దిగే రోజుల్లో అక్కడ తూకం చీటీలు, రైతుల చెల్లింపులు, ఎగుమతి కాగితాలతో ఊపిరాడదు, సీజను అయిపోతే పని పలచబడుతుంది. ఆ సంగతి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. వీటిలో ఒకటి ఎంచుకుని, అక్కడ పనిచేసే ఒక్క మనిషితో పావుగంట మాట్లాడు. సీనియరో, ఊళ్లో అన్నో, అక్కో ఎవరో ఒకరు దొరుకుతారు. పొద్దున వచ్చాక మొదట ఏం పని చేస్తారు, ఏ తప్పు చేస్తే పై ఆఫీసరు తిడతాడు, కొత్తవాళ్లకు మొదటి నెలలో ఏం రాక ఇబ్బంది పడతారు అని అడుగు. జీతం మాత్రం నేరుగా అడగకు, కొత్తగా చేరినవాళ్లకు ఎంత ఇస్తారని అడిగితే చెబుతారు.

ఆ మాటలు రాసిపెట్టుకుంటే కోర్సులో వచ్చే ప్రతి అసైన్‌మెంటునూ ఆ ఒక్క ఉద్యోగాన్ని మనసులో పెట్టుకుని చేయొచ్చు. అందరికీ పనికొచ్చేలా రాసిన రెజ్యూమే ఎవరి కంటికీ ఆనదు.

బ్లెండెడ్ కోర్సులు ఎక్కడ చెడతాయో కూడా చెప్పాలి. అన్నం తింటూ ఫోన్లో వీడియో నడిపేస్తారు. క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులో తిరుగుతాయి. క్లాసు రోజు అందరూ మౌనంగా కూర్చుంటారు, పాపం లెక్చరరు వీడియోలో ఉన్నదే మళ్లీ చెబుతాడు. అప్పుడు మీ నాయన అన్నట్టు నిజంగానే టైం వేస్టు. పాఠం ముందే చూసి క్లాసుకు వెళ్తే ఆ గంటను మాక్ ఇంటర్వ్యూకు, రెజ్యూమే దిద్దించుకోవడానికి వాడుకోవచ్చు. దిద్దే మనిషి ఎదురుగా ఉండేది ఆ గంటే, వీడియో నిన్ను దిద్దదు. మీ క్లాసులో ఎవరూ అడగకపోతే నువ్వే కాగితం పట్టుకుని ముందు బెంచీకి వెళ్లు.

మొదటి వారంలోనే లెక్చరర్‌ను అడిగి రెండు సంగతులు తేల్చుకో. ఈ కోర్సుకు క్రెడిట్లు ఉన్నాయా, ఆన్‌లైన్ భాగం కాలేజీ సొంతదా లేక కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లోదా అని. 2017లో కేంద్రం ప్రారంభించిన స్వయంలో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం విడిగా ఫీజు కట్టి రిజిస్టర్ చేసుకోవాలి. కోర్సులో చేరడం, పరీక్షకు రిజిస్టర్ కావడం రెండూ ఒకటే అనుకుని ఆఖరి తేదీ దాటించేసేవాళ్లు చాలామంది. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చేయడానికి కాలేజీలు అనుమతించవచ్చు, అయితే మీ యూనివర్సిటీ ఈ కోర్సును ఒప్పుకుందో లేదో ముందే కనుక్కోవాలి. అది స్వయంలోనే ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటెల్ కోర్సైతే అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. వారం వారం ఇచ్చినవి వదిలేసి చివర్లో పరీక్ష బాగా రాసినా సర్టిఫికెట్ రాదు.

వీడియో గురించి నీ భయం నాకు అర్థమైంది. గదిలో నలుగురు ఉంటే ఎవరికైనా కష్టమే. పొద్దున మేడ మీదికి వెళ్లు, వెలుతురు నీ ముఖం మీద పడేలా నిలబడు. ముందు తెలుగులో చెప్పు: నేను ఎవరు, ఏం చదువుతున్నాను, ఏ పని చేశాను, ఏ పని నేర్చుకోవాలని ఉంది. దాన్నే ఆరేడు చిన్న ఇంగ్లిష్ వాక్యాలు చెయ్యి. చాట్‌జీపీటీతో రాయించి బట్టీ పట్టకు. ఆ పెద్ద పెద్ద మాటలు నోరు తిరగక మధ్యలో ఆగిపోతావు, పైగా చూసేవాళ్లకు తెలిసిపోతుంది. నీ వాక్యాల్లో తప్పులుంటే మీ ఇంగ్లిష్ మేడం దిద్దుతుంది.

లింక్డ్‌ఇన్ గురించి కంగారు పడకు. ప్రొఫైల్ తెరిచి చదువు, పాల లెక్క షీటు, ప్రాజెక్టు పెట్టి ఉంచు చాలు. తిరుపతిలో మొదటి అకౌంట్స్ ఉద్యోగం చాలాసార్లు తెలిసినవాళ్ల ఫోను ద్వారానే వస్తుంది. ముద్దుపేర్లతో ఉన్న ఈమెయిల్ ఐడీ ఉంటే మార్చుకో. ఉద్యోగం ఇస్తామని ముందే డబ్బులు అడిగితే ఫోన్ పెట్టేయి.

మీ నాయనకు ఇలా చెప్పు. బ్యాంకు ఉద్యోగం మంచి ఆలోచనే. కానీ బ్యాంకు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పరీక్షలకు డిగ్రీ పూర్తయి ఉండాలి, సెకండియర్‌లో అప్లై చేయడమే కుదరదు. ఇప్పటి నుంచి రోజుకు అరగంట అరిథ్‌మెటిక్, రీజనింగ్ చేసుకుంటూ ఆఖరి ఏడాదిలో కోచింగ్‌కు చేరితే సరిపోతుంది. క్లర్కు పోస్టులకు ఇంటర్వ్యూ లేదు, ప్రొబేషనరీ ఆఫీసరు (పీవో) పోస్టులకు ఉంది. అక్కడ నీ గురించి చెప్పమనే మొదలుపెడతారు. అందులోనూ ఈ కోర్సు కలిసొస్తుంది. ఇంకోమాట, మీ నాయన మనసులో చిత్తూరు సప్తగిరి గ్రామీణ బ్యాంకు ఉంటే, అది 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. కోచింగ్‌కు డబ్బు కట్టేముందు ఇలాంటివి తాజా నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. అలాగే ఆ ఎక్సెల్ షీటు ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టు. ఏ బిల్లు తప్పో ఆయనకంటే బాగా పట్టుకునేవాళ్లు ఉండరు, కోర్సులో ఏం చేస్తున్నావో కూడా ఆయనకు తెలుస్తుంది.

సెకండియర్ అయ్యాక ఇంటర్న్‌షిప్ ఉంటుంది కదా, అప్పుడు సర్టిఫికెట్ కోసం ఎక్కడో ఒకచోట పేరు రాయించుకోకుండా నిజంగా పని చెప్పే ఆడిటరు ఆఫీసు చూసుకో. ఒక పేజీ రెజ్యూమే, వెనకాల పాల లెక్క షీటు పెట్టుకుని నేరుగా వెళ్లు. నెలలో 11కు జీఎస్‌టీఆర్-1, 20కి 3బీ అనే జీఎస్‌టీ రిటర్న్‌ల గడువులుంటాయి. ఆ రోజుల్లో వెళ్తే తలెత్తి చూసేవాళ్లు కూడా ఉండరు. 21 దాటాక, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లు. జులై నెల మాత్రం వద్దు, ఇన్‌కమ్‌టాక్స్ రిటర్న్‌ల హడావుడి ఉంటుంది.