పాఠకుల ప్రశ్నలు: ఈ లాడ్జిలో గదులు అద్దెకివ్వరు

ప్ర: ఫ్రీమేసన్ల లాడ్జి అంటే ఏమిటి? తలుపులు వేసుకుని లోపల ఏం చేస్తారు?

జ: మేసన్ అంటే తాపీమేస్త్రీ. ఐరోపాలో పెద్ద చర్చీలు కట్టే రోజుల్లో రాతిపనివాళ్లు గోడ పక్కన వేసుకున్న పాకను లాడ్జి అనేవారు. రాయి చెక్కడం, పనిముట్లు దాచుకోవడం, తిండి తినడం అన్నీ అక్కడే. పనివాళ్లు కానివాళ్లు చేరి ఆ పేరును, ఆ పనిముట్లను నీతిపాఠాలకు వాడుకున్నాక ఇప్పటి ఫ్రీమేసన్ల సంఘం తయారైంది. దాని ఒక్కో శాఖనూ లాడ్జి అంటారు. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి తమ పైసంఘంగా గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నాయని సంఘం చెప్పే లెక్క. కాదు, 1721 అనే చరిత్రకారులూ ఉన్నారు. పోటీపడుతూ వచ్చిన రెండు గ్రాండ్ లాడ్జీలు 1813లో ఒకటయ్యాయి. ఇక్కడ చెప్పేదంతా ఆ ఇంగ్లండు పద్ధతి. మిగతా దేశాల్లో చిన్నాపెద్దా తేడాలుంటాయి.

సమావేశం సంగతంటారా, తలుపు బయట టైలర్ అనే కాపలాదారు, లోపల ఇన్నర్ గార్డు ఉంటారు. పోయినసారి మినిట్స్ చదివి ఆమోదిస్తారు. లెక్కలు, ఓటింగు, కొత్తవారిని చేర్చుకునే తంతు, దానపు సంచి తిప్పడం, ఆ తరవాత భోజనం. చూసేవాళ్లకు సగం పూజలా, సగం సహకార సంఘం మీటింగులా ఉంటుంది.

ప్ర: చేరాలంటే ఎవరిని అడగాలి? ఒక్కరు నల్లగోళీ వేస్తే దారి మూసుకుపోతుందా?

జ: దేవుడనే పరమశక్తి మీద నమ్మకం ఉండాలి, ఏ మతమైనా సరే. వయసు కనీసం 18 నిండి ఉండాలి. ప్రతిపాదించేవారు ఒకరు, బలపరిచేవారు ఒకరు కావాలి. ముందు కొందరు సభ్యులు కూర్చోబెట్టి మాట్లాడతారు. తరవాత మీ పేరు నిండు లాడ్జిలో చదువుతారు. ఓటింగు ఆ రోజు ఉండదు, తరవాతి సమావేశంలోనే. గెలిచినా ఏడాదిలోగా దీక్ష తీసుకోకపోతే ఆ ఓటు చెల్లదు.

గోళీల విషయానికొస్తే, ఓటు రహస్యంగా గోళీలతో వేస్తారు, నల్లగోళీ అంటే ‘వద్దు’ అని. మూడు నల్లగోళీలు పడితే చేరిక ఆగుతుందని గ్రాండ్ లాడ్జి నియమం. ఒకటి లేదా రెండు పడినా ఆగాలని లాడ్జి తన ఉపనియమాల్లో రాసుకోవచ్చు. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు ఆ లాడ్జి ఉపనియమాల్లోనే ఉంటుంది. చాలా ఓటు పెట్టెల్లో గోళీలన్నీ ఒకే రంగువి, ‘అవును’, ‘కాదు’ అని రెండు అరలుంటాయి. చెయ్యి లోపలికి పెట్టి వెయ్యాలి కనుక ఎడమ కుడి తారుమారయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తిప్పే ముందు పెట్టె ఖాళీగా ఉందని చూపించి, ఏ అర ఏదో గట్టిగా చెప్పాలి. అభ్యంతరం ఉన్నవారు దాన్ని పెట్టెదాకా దాచుకోవడం మాత్రం మర్యాద కాదు. ముందే ప్రతిపాదకుడి చెవినో, లాడ్జి పెద్ద అయిన మాస్టర్ చెవినో వేస్తే పేరు నిశ్శబ్దంగా వెనక్కి తీసుకుంటారు, ఎవరి పరువూ పోదు.

ప్ర: సభ్యులు నడుముకు కట్టుకునే ఏప్రన్లలో తేడాలు చూశాను. గులాబీ గుర్తులు దేనికి?

జ: సభ్యుడు ఏ మెట్టులో ఉన్నాడో తెలియడానికి. మొదటి మెట్టు, అప్రెంటిస్: తెల్లటి గొర్రెపిల్ల తోలు, 14 నుంచి 16 అంగుళాల వెడల్పు, 12 నుంచి 14 అంగుళాల పొడవు, అలంకారం ఏమీ లేదు. రెండో మెట్టుకు కింద రెండు లేత నీలి గులాబీలు చేరతాయి. మాస్టర్ మేసన్‌కు పైమడత మీద మూడో గులాబీ, చుట్టూ నీలి అంచు, వెండి కుచ్చులు. మెట్టుకూ మెట్టుకూ మధ్య కనీసం నాలుగు వారాలు ఆగాలి.

కోటు మీదే కట్టాలి, కోటు కింద కాదు. లాడ్జిలో మరో సభ్యుడితో తగాదా ఉంటే ఏప్రన్ కట్టుకోకూడదు. ఇద్దరూ బయటికి వెళ్లి తేల్చుకుని లోపలికి రావాలి, తేలకపోతే ఒకరో ఇద్దరో ఆ రోజుకు ఇంటికి పోవాలి. తంతు మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే నియమం లేదనిపిస్తుంది.

పనిముట్లకూ ఇలాంటి అర్థాలే. 24 అంగుళాల కొలబద్ద రోజులోని 24 గంటలు: కొంత ప్రార్థనకు, కొంత పనికీ విశ్రాంతికీ, కొంత ఆపదలో ఉన్నవారికి. మూలమట్టం నడతకు, మట్టం సమానత్వానికి, గుండుతాడు నిజాయితీకి.

ప్ర: తంతులో అంత పొడుగు మాటలు చూడకుండా చెబుతారట. మరిచిపోతే?

జ: అందిస్తారు. అందించేది ఒక్కరే కావాలి, మామూలుగా పాత మాస్టర్. నలుగురూ నాలుగు వైపుల నుంచి అందిస్తే చెప్పేవాడికి ఉన్నదీ పోతుంది. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే. ఊపిరి తీసుకోవడానికి ఆగినా అందించేస్తారు. ఆగడానికీ తడబడడానికీ తేడా అభ్యాస సమావేశాల్లోనే పసిగట్టాలి. లండన్‌లో 1823 నుంచి నడుస్తున్న ఎమ్యులేషన్ అభ్యాస లాడ్జిలో ఒక తంతును ఒక్క దిద్దుబాటూ లేకుండా నడిపినవారికి వెండి అగ్గిపెట్టె ఇస్తారు.

ప్ర: ఆడవాళ్లను చేర్చుకుంటారా?

జ: ఈ గ్రాండ్ లాడ్జి చేర్చుకోదు. స్త్రీల సంఘాలు వేరుగా ఉన్నాయి. ఆడా మగా ఇద్దరినీ చేర్చుకునే ‘ల ద్రవా యుమాఁ’ అనే సంఘం 1893లో పారిస్‌లో పుట్టింది. అనీబిసెంట్ 1902లో చేరింది అందులోనే.

ప్ర: దానధర్మాలు చేస్తారంటారు, డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?

జ: ఎక్కువగా సభ్యుల జేబుల్లోంచే. దీక్ష రోజున కొత్తవాడి దగ్గర నాణేలూ లోహపు వస్తువులూ ముందే తీసేస్తారు. తరవాత ఈశాన్య మూలన నిలబెట్టి దానం అడుగుతారు. ఇవ్వడానికేమీ లేక వాడు నిలబడిపోతాడు. చెయ్యి ఖాళీ అయితే ఎలా ఉంటుందో ఆ ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

లాడ్జిలో ఈ పని ఇద్దరిది. నిధులు పోగుచేసేది ఛారిటీ స్టీవార్డు. జబ్బుపడ్డ సభ్యులనూ చనిపోయినవారి భార్యలనూ కనిపెట్టుకునేది ఆమనర్. దానపు డబ్బునూ సభ్యత్వపు డబ్బునూ ఒకే ఖాతాలో కలిపితే ఏడాది చివర ఆడిట్‌లో తల పట్టుకోవాలి. ఈ సాయం సభ్యుల కుటుంబాలకే కాదు. అత్యవసర విభాగానికి వచ్చే పిల్లలు భయపడకుండా ఆసుపత్రులకు ఎలుగుబంటి బొమ్మలు ఇస్తారు. పిల్లలు వాటిని ఇంటికి తీసుకుపోవచ్చు. పేద మేసన్ల కూతుళ్ల కోసం 1788లో మొదలైన బడి ఇప్పటికీ నడుస్తోంది, ఇప్పుడు ఎవరి పిల్లలైనా చదవొచ్చు.

ప్ర: మా బంధువు భర్త ఇంగ్లండు లాడ్జిలో సభ్యుడు, పోయారు. ఆవిడ సాయం ఎలా అడగాలి?

జ: ముందు ఆయన కాగితాల్లో గ్రాండ్ లాడ్జి సర్టిఫికెట్ గానీ, సమావేశపు పిలుపు కాగితం గానీ వెతకండి. కావాల్సింది లాడ్జి నంబరు. ఒకే పేరుతో లాడ్జీలు చాలా ఉంటాయి, నంబరు మాత్రం ఒక్కదానిదే. దాంతో సెక్రటరీకి రాస్తే ఆమనర్‌కు అందజేస్తారు. ఆదాయం, ఖర్చులు, అప్పుల వివరాలతో దరఖాస్తు నింపాలి. నామోషీ అనుకుని అప్పులు తక్కువ చేసి రాస్తే వచ్చే సాయమూ తగ్గుతుంది.