ట్రస్టు అద్దె: ఎవరి వాటా ఎంత?

ప్రశ్న: ఇంటి అద్దె మా ముగ్గురు పిల్లల కుటుంబాలకూ అందేలా ప్రైవేటు ట్రస్టు పెడదామనుకుంటున్నాం. పెద్దబ్బాయి లేడు, అతనికి ఇద్దరు పిల్లలు. పంపకం ఎలా రాయించాలి?

జవాబు: అంతా డీడులోని, అంటే ట్రస్టు షరతులు రాసే పత్రంలోని, ఒక్క వాక్యంలో ఉంది. ఉదాహరణకు నెలకు 60,000 రూపాయల అద్దెలో ఇంటిపన్ను, మరమ్మతులకు 6,000 తీస్తే మిగిలేది 54,000. శాఖలవారీగా (ఒక్కో పిల్లవాడి కుటుంబం ఒక్కో శాఖ) అని రాస్తే మూడు వాటాలు, ఒక్కోటి 18,000. మనవలిద్దరికీ చెరో 9,000. తలసరి అంటే బతికున్న ఇద్దరు పిల్లలు, ఇద్దరు మనవలు కలిపి నలుగురికీ 13,500 చొప్పున. ‘వారసులకు సమానంగా’ అని రాసి వదిలేశారో, కోర్టు మెట్లెక్కినట్టే! వాటాలు ట్రస్టీ (ట్రస్టును నడిపే వ్యక్తి) ఇష్టానికి వదిలితే ఆదాయపన్ను సాధారణంగా గరిష్ఠ రేటులో పడుతుంది. శాతాలు తేల్చి రాయడమే మేలు. బతికుండగానే ఇల్లు ట్రస్టుకు రాస్తున్నారు కాబట్టి 1882 ట్రస్టుల చట్టం ప్రకారం డీడు రిజిస్టరు చేయించాల్సిందే.