ఉగ్గాని మానకుండా షుగర్ అదుపులో పెట్టుకోవచ్చా?

తమ్ముడూ, వయసులో పెద్దదాన్నే అయ్యుంటా కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. నువ్వు అడిగింది ఇదీ: అనంతపురంలో ఉద్యోగం, ముప్పై నాలుగేళ్ళు, హెచ్‌బీఏ1సీ, అదే రెండు మూడు నెలల సగటు షుగర్ చూపించే రక్తపరీక్ష, 6.1 వచ్చింది, డాక్టరు ఇప్పుడే మందులొద్దు ముందు తిండి మార్చు అన్నాడు. పొద్దున ఉగ్గాని (మన బొరుగుల ఉప్మా) బజ్జి, ఆఫీసులో టీలు, సాయంత్రం బేకరీ, రాత్రి బాగా పొద్దుపోయాక అన్నం. ఓట్సూ సలాడూ గొంతు దిగవు, ఇంట్లో అమ్మేమో రాగి సంగటి ఎంత తిన్నా ఏం కాదంటుంది, అది నిజమేనా అని.

మాదీ అనంతపురమే, పాతూరు వైపు. మా ఆయనకూ నీలాగే బార్డర్లో వచ్చింది, 6.2. ఇంట్లో వంట నాది, మా అత్త కూడా మాతోనే ఉంటుంది, కాబట్టి నీ ఇంటి సీను మొత్తం నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 నుంచి షుగర్ కిందే లెక్క. నీది మధ్యలో ఉంది, నిద్రపోకుండా టెన్షన్ పడేంత లేదు, చూద్దాంలే అని వదిలేసేంతా లేదు. నువ్వొక్కడివే కూడా కాదులే, 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అనే షుగర్ సర్వేలో దేశం మొత్తం మీద షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైన తేలితే, నీలా అంచు మీద నిలబడ్డవాళ్ళు 13 కోట్లు దాటారు.

మా ఇంట్లో పనిచేసింది ఏంటంటే, పొద్దున్నుంచి రాత్రి దాకా నోట్లోకి పోయేవాటిని రెండుగా విడగొట్టాం. మనసుపడి తినేవి ఒక పక్క, చెయ్యి అలవాటై తినేవి ఇంకో పక్క. మనసుపడి తినేవాటి జోలికి పోలేదు, కొలత మాత్రం చూసుకున్నాం. అలవాటువి తీసేశాం. చక్కెరా మైదా అన్నీ ఆ అలవాటు లెక్కలోనే తేలాయి, మనసుపడి తినేవాటిలో ఉన్నది చాలా తక్కువ. నీ ప్రశ్నలో కూడా చూడు, ఉగ్గాని గురించి నాలుగు లైన్లు రాశావు, టీల గురించి ఒక్క ముక్కతో సరిపెట్టావు.

అందుకే ముందు టీ సంగతి. రోజుకు ఐదు టీలనుకో, ఒక్కోదాంట్లో రెండు స్పూన్లు, స్పూను తలకట్టుగా వేస్తే ఐదు గ్రాముల దాకా వస్తుంది. అక్కడికే 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏం చెప్తుందంటే ఇట్లా విడిగా కలుపుకునే చక్కెర మనకు రోజూ కావలసిన శక్తిలో పదో వంతు దాటకూడదని, రోజుకు రెండు వేల క్యాలరీలు తినే మనిషికి అది సరిగ్గా ఆ 50 గ్రాములే, అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మేలు అని. అంటే నువ్వు ఇంకా స్వీటు ముట్టుకోకముందే, వట్టి టీలతోనే కోటా అయిపోయింది. పైగా ఆ ఐదింటిలో నీకు నిజంగా కావాలనిపించి తాగేవి ఎన్ని? మా ఆయనకైతే పొద్దున లేవగానే ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి. మిగిలినవన్నీ ఎవరో ‘రా సార్ టీ తాగొద్దాం’ అంటే లేచి పోయినవి. ఇప్పుడు కూడా పోతాడు, కబుర్లు మానాల్సిన పనేముంది, గ్లాసు మాత్రం పట్టుకోడు. తాగే రెండింటిలో చక్కెర ఒక్కసారిగా మానిపించలేదు నేను, రెండు స్పూన్లు ఒకటిన్నర చేశా, అదేమో అడక్కుండానే తాగాడు, తర్వాత ఒకటి, తర్వాత అర. ఇప్పుడు బయట టీ తాగితే ‘ఏందిది పాకం లాగుంది’ అంటాడు. టీ బంకులో నీకు విడిగా చక్కెర లేకుండా పోయమంటే పోస్తారు, మొహమాటపడకు. చక్కెర బదులు బెల్లం టీ అని బోర్డులు పెట్టారు చూడు, రక్తంలో షుగర్ విషయానికొస్తే అదీ ఇదీ ఒకటే, ఆ బోర్డు చూసి మోసపోవద్దు.

తర్వాత బేకరీ. మన ఊళ్ళో సందుకో బేకరీ, సాయంత్రం ఐదున్నరకు ఆఫీసు నుంచి బయటపడితే పఫ్ వాసన మనిషిని పట్టుకుని లాగుతుంది, ఒప్పుకుంటా. దిల్‌పసంద్, అదే కొబ్బరి పెట్టిన బేకరీ తీపి రొట్టె, అంటే నాకూ ప్రాణం. కానీ నువ్వు రోజూ తినేది దిల్‌పసంద్ మీద ప్రేమతో కాదు, మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నం ఐదింటికి అరిగిపోయి ఆకలేసి, ఎదురుగా కనిపించింది అదే కాబట్టి. ఆకలికి ఇంకేదైనా దొరికితే సగం గొడవ తీరుతుంది. మాది చెనిక్కాయల (వేరుశనగ) జిల్లా, దానికి వెతుక్కోవాలా? పచ్చి చెనిక్కాయలు వచ్చే రోజుల్లో ఇంత ఉప్పేసి ఉడకబెట్టినవి ఒక దోసెడు, లేని రోజుల్లో వేయించినవి పిడికెడు. పిడికెడే సుమా, వంద గ్రాముల్లో 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది నిజమే, దాంతోపాటే 560 పైన క్యాలరీలు కూడా ఉంటాయి. లేదంటే గుగ్గిళ్ళు. శనగలో, అలసందలో, ఉలవలో రాత్రి నానేసి పొద్దున కుక్కర్లో పెట్టి, ఎర్రగడ్డ (ఉల్లిపాయ), ఎండుమిరపకాయ, కరేపాకు తాలింపేసి డబ్బాలో పోసిచ్చేదాన్ని. నాలుగింటికే తినేసి బయటికొస్తే బేకరీ బేకరీలాగే ఉంటుంది, మనమే అక్కడ ఆగకుండా వచ్చేస్తాం. దిల్‌పసంద్ ఎప్పుడన్నా ఒక రోజు, నిదానంగా కూర్చుని, ఒక ముక్క.

మల్టీగ్రెయిన్ బిస్కెట్లు, రాగి బిస్కెట్లు అని కొంటుంటారు కదా, ఒకసారి ప్యాకెట్టు వెనక్కి తిప్పి చూడు. ఏ పదార్థం ఎక్కువుంటే అది ముందు రాయాలని రూలు. మొదటి రెండు మూడు పేర్లు మైదా, చక్కెర, పామాయిల్ అయితే ముందు పక్క ఏ గింజ బొమ్మ వేసినా అది మామూలు బిస్కెట్టే.

ఇక ఉగ్గాని. దీన్ని మానమని నేను చెప్పను, చెప్పినా నువ్వు మానవు. బొరుగులంటే బియ్యమే, అందులో అనుమానం లేదు, పైగా గాలి నిండి తేలిగ్గా ఉంటాయి కాబట్టి ప్లేటు నిండా తిన్నా తిన్నట్టుండదు, దాంతో బజ్జీలు రెండు కాస్తా నాలుగవుతాయి. ఇంట్లో నేను చేసే పద్ధతి చెప్తా. బొరుగులు మామూలుగా తీసుకునేదాంట్లో సగమే, నీళ్ళలో వేసి ఇట్లా ముంచి అట్లా పిండి తీసెయ్యాలి, ఒక్క నిమిషం ఆలస్యమైతే ముద్దయిపోతాయి. తాలింపులో ఎర్రగడ్డలు మాత్రం రెట్టింపు, ఒక టమాటా, చెనిక్కాయలు ఒక గుప్పెడు, పచ్చిమిరపకాయలు నీ ఓపిక. పొయ్యి కట్టేశాక పుట్నాల పొడి ధారాళంగా చల్లాలి, రుచంతా అక్కడే ఉంది, ప్రొటీనూ అక్కడే ఉంది, హోటళ్ళలో పిసినారితనం చేసేదీ అక్కడే. బొరుగుల్లో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి తాలింపులో దాదాపు వెయ్యను. పక్కన బజ్జి ఇంట్లో చెయ్యను, దాని కోసం నూనె కాచడం నావల్ల కాదు. మా ఆయన ఆదివారం పొద్దున్నే బండి దగ్గరికి పోతాడు, ఆరున్నరకల్లా, కొత్త నూనెలో మొదటి వాయి. సాయంత్రానికి ఆ నూనె రంగు చూశావంటే నువ్వే అడగవు. రెండు బజ్జీలు, ఒక ఉగ్గాని, తిన్నాక నడిచే ఇంటికి. ఆ ఆదివారం కోసమే మిగతా వారమంతా గమ్మునుంటాడని నా నమ్మకం.

ఇప్పుడు మీ అమ్మ మాట. సంగటి ఎంత తిన్నా ఏం కాదన్నది సగమే నిజం. రాగుల్లో మంచి లేకపోలేదు, వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దగ్గర కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది దాటడమే గగనం. పీచూ ఎక్కువే. కానీ రాగుల్లో కూడా మూడింట రెండు వంతులు పిండిపదార్థమే, దాన్ని మెత్తగా మరపట్టించి, నూకలు కలిపి, మెత్తగా గెలికి, తెడ్డుతో తీసి పిల్లకాయ తలంత ముద్ద చేసి పెడితే షుగర్ పెరగకుండా ఎట్లా ఉంటుంది? మా అత్త కూడా ఇదే మాటనేది, మేము చిన్నప్పట్నుంచీ ముద్ద తినే బతికినాం మాకెవరికీ షుగర్ లేదే అని. ఆమె పుట్టిల్లు ఉరవకొండ పక్క పల్లె. సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె, వీటిమీదే పెరిగింది, వరన్నమంటే పండగ కూడు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాకే తమ ఇంట్లో మూడు పూటలా అన్నం మొదలైందంటుంది. కానీ ఆ ముద్ద తిన్న మనిషి పొద్దంతా చేన్లో కలుపు తీసేది. మా ఆయన అదే ముద్ద తిని కుర్చీలో కూర్చుంటాడు.

వాదన తెగక, గ్లూకోమీటర్ తెచ్చాం. ఒక రోజు పెద్ద ముద్ద, కోడి పులుసు, ఇంకేం లేదు. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు చూస్తే 178. ఇంకో రోజు అందులో సగం ముద్ద, ముందు ఒక గిన్నెడు మటిక్కాయల (గోరుచిక్కుడు) తాలింపు తిని, తర్వాత ఆకుకూర పప్పుతో ముద్ద, అప్పుడు 139. రెండు గంటల తర్వాత 140 లోపుంటే మంచిదంటారు. మా అత్త ఆ మిషన్ వైపు కాసేపు చూసి ‘అయితే కూర ఎక్కువ పెట్టు’ అంది, అంతే, గొడవ అయిపోయింది. నీకు చెప్పాలనుకున్నదీ అదే. అన్నమా సంగటా రొట్టా అన్న చర్చ తర్వాత, కంచంలో సగం కూరా ఆకూ ఉండాలి, అవి ముందు తినాలి, ముద్ద తర్వాత తినాలి. ముందు కూరగాయా పప్పూ కడుపులో పడితే తర్వాత పోయిన పిండి నిదానంగా అరుగుతుంది, షుగర్ ఒక్కసారిగా ఎగరదు. మనం కూరంటే అన్నంలో కలుపుకునే వస్తువనుకుంటాం, విడిగా తినడం మొదట్లో వింతగా ఉంటుంది. ఉప్పూ కారం తగ్గించి చేస్తే విడిగా తినొచ్చు. మన సీమ కారం అలాగే ఉంచితే అది అన్నం అడుగుతుంది, నువ్వు ఆపలేవు.

కొర్రలు కావాలంటే తిను, బాగుంటాయి, కనీసం రెండు గంటలు నానబెట్టి వండు, లేకపోతే పలుగ్గా ఉండి నాలుగో రోజు నువ్వే వద్దంటావు. మిలమిలా మెరిసే కొర్రలు కొనొద్దు, పైన తవుడంతా పాలిష్‌లో పోయినట్టు లెక్క. జొన్నరొట్టె చేసే ఓపిక ఇంట్లో ఉంటే అంతకంటే అదృష్టం లేదు, ఒకటిన్నర రొట్టెతో కడుపు నిండుతుంది, పక్కన ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) తక్కువ, పప్పు ఎక్కువ.

రాత్రి తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఎనిమిదిన్నరకల్లా తినెయ్, తిన్నాక పది పదిహేను నిమిషాలు నడువు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకే పోనక్కర్లేదు, మీ వీధిలో అటూ ఇటూ తిరిగినా చాలు, తిన్న వెంటనే నడిస్తే షుగర్ మీద బాగా పనిచేస్తుంది. పది గంటలకు తిని పడుకుంటే పైన రాసిందంతా చేసినా ఫలితం సగమే.

పండగలకు ఓళిగలు (బొబ్బట్లు) తిను. మా ఇంట్లో రూలేంటంటే ఓళిగ తిన్న పూట అన్నం లేదు. వేడి ఓళిగ మీద నెయ్యి వేసుకుని, పప్పూ కూరా కానిచ్చేసి, చివర్న ఒకటి. ఓళిగలకు పప్పు ఉడికించి వంచిన కట్టుతో చారు పెడతాం కదా, ఆ చారూ అన్నం కోసమే మా ఆయన ఏడుపు, దానికి మాత్రం నాలుగు ముద్దలు వదిలేస్తా. పక్కింటోళ్ళు పంపించినవి, ఆఫీసులో ఎవరికో ప్రమోషన్ వచ్చిందని పంచినవి, షాపులో చేతిలో పెట్టినవి, ఇవన్నీ మళ్ళీ అలవాటు లెక్కే. తీసుకో, ఇంటికి తెచ్చి పిల్లలకివ్వు, లేదా సగం విరిచి తిను. తీసుకోకపోతే బాధపడతారు, తినకపోతే ఎవరూ చూడరు.

మీ అమ్మతో మాత్రం వాదన పెట్టుకోవద్దు. ‘ముద్ద వద్దు’ అంటే ఆమెకు తను వద్దన్నట్టు వినపడుతుంది. ముద్ద చిన్నది చెయ్యమ్మా, కూర ఇంకో గరిటె వెయ్యి అని అడుగు, కూర అడిగిన కొడుకును ఏ తల్లీ కాదనదు. మటిక్కాయలు, బీరకాయలు, తోటకూర నువ్వే మార్కెట్ నుంచి తెచ్చి పడేస్తే ఇంకా మంచిది, ఇంట్లో ఉంటే వండుతారు.

మా ఆయనకు తర్వాత చేయించినప్పుడు 5.8 వచ్చింది. నీకూ అంతే తగ్గుతుందని చెప్పను, ఒళ్ళు ఒళ్ళుకూ తేడా. ఆ టెస్టు రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది కాబట్టి వచ్చే నెలే పరిగెత్తి చేయిస్తే డబ్బు దండగ. మూడు నెలలాగి చేయించు, ఆ కాగితం పట్టుకుని అదే డాక్టరు దగ్గరికి పో, మందులు కావాలో అక్కర్లేదో ఆయనే చెప్తాడు.